లండన్‌లో తొలి మూడు నెలలు: టీఎఫ్ఎల్ బస్సులు, రైళ్లు, కార్డుల మీద సమీక్ష

లండన్‌కు కాపురం మార్చుకుని వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఊరిని ట్యూబ్ (భూగర్భ రైలు) మ్యాపు పట్టుకుని నేర్చుకోవడం మొదలుపెడతారు. ఆర్నెల్లు గడిచినా వాళ్లకు స్టేషన్ల పేర్లే తెలుస్తాయి, రెండు స్టేషన్ల మధ్య ఏ వీధి ఉందో తెలియదు. తప్పు మ్యాపుది కాదు. 1933లో హ్యారీ బెక్ గీసిన పద్ధతిలోనే ఇప్పటికీ వస్తున్న ఆ పటంలో దూరాలు, దిక్కులు నిజమైనవి కావు. రైలు ఎక్కడ మారాలో చెప్పడం వరకే దాని పని. లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కు నేల మీద నడిస్తే ఐదు నిమిషాలు కూడా పట్టదు. లిఫ్టు కోసం, రైలు కోసం ఆగి అదే దూరానికి పూర్తి టికెట్ కట్టేవాళ్లు రోజూ వందల్లో కనిపిస్తారు.

ఊరి బస్సులు, రైళ్లు నడిపే సంస్థ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్‌ను అందరూ టీఎఫ్ఎల్ అంటారు. అది నడిపే సేవలను కొత్తగా స్థిరపడేవాళ్ల అవసరాన్ని బట్టి వరుస పెడితే మా లెక్కలో మొదటి స్థానం ఎర్ర బస్సుది, రెండోది ఎలిజబెత్ లైను రైలుది, ట్యూబ్ మూడోది. ఛార్జీల పద్ధతి ప్రయాణికుడికి మేలు చేసేదే. అయితే దాని నియమాలు తెలియనివాళ్ల దగ్గర ఆ పద్ధతే అదనంగా వసూలు చేస్తుంది. అందుకే ఈ సమీక్షలో సగం ఆ నియమాల గురించే. ఇక్కడ రాసిన ఛార్జీలు 2025 మార్చిలో అమల్లోకి వచ్చినవి, ఆ తర్వాత మారి ఉండొచ్చు. సాధారణంగా ఏటా వసంతంలో మారుతుంటాయి కాబట్టి, బయల్దేరే ముందు టీఎఫ్ఎల్ వెబ్‌సైటులోని సింగిల్ ఫేర్ ఫైండర్‌లో మీ రెండు స్టేషన్ల పేర్లు కొట్టి సరిచూసుకోండి.

విమానం దిగిన రోజుతోనే మొదలుపెడదాం. హీత్రూ నుంచి ఊళ్లోకి రావడానికి టీఎఫ్ఎల్ రైళ్లు రెండు. పికడిల్లీ లైన్ ట్యూబ్‌లో జోన్ 1 వరకు (ఛార్జీల కోసం ఊరిని వలయాలుగా విభజించారు, నడిబొడ్డు జోన్ 1) 5.80 పౌండ్లు, ఎలిజబెత్ లైనులో 13.90. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డుకు ఎలిజబెత్ లైను దాదాపు అరగంటలో చేరుస్తుంది. పికడిల్లీ మీద ఊరి నడిబొడ్డుకు రావడానికి యాభై నిమిషాల పైనే పడుతుంది. ఒక బ్యాగు మాత్రమే ఉన్నవాళ్లు పికడిల్లీ ఎక్కొచ్చు. తలా రెండు ఇరవై మూడు కిలోల పెట్టెలు, చంకలో పిల్లాడు ఉంటే మాత్రం ఆ ఎనిమిది పౌండ్ల తేడాకు వెనకాడకండి. ఎలిజబెత్ లైనులో అన్ని స్టేషన్లకూ లిఫ్టులో గానీ ర్యాంపు మీద గానీ వీధి నుంచి ప్లాట్‌ఫాం వరకు మెట్లెక్కకుండా వెళ్లొచ్చు. ట్యూబ్‌లో ఉన్న 272 స్టేషన్లలో ఆ సౌకర్యం మూడోవంతుకే ఉంది. మ్యాపులో స్టేషన్ పేరు పక్కన చక్రాల కుర్చీ బొమ్మ లేదంటే పెట్టెలు మోసుకుంటూ మెట్లెక్కాల్సిందే. హీత్రూ ఎక్స్‌ప్రెస్ అనే మూడో రైలు పాడింగ్టన్ వరకే వెళ్తుంది. దాని మామూలు టికెట్ 25 పౌండ్లు, అది టీఎఫ్ఎల్ క్యాప్‌లోకి, అంటే రోజువారీ గరిష్ఠ మొత్తం లెక్కలోకి, రాదు. ఊళ్లో స్థిరపడటానికి వచ్చినవాళ్లకు దాని అవసరం లేదు.

తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్ వైపు దిగేవాళ్లు ఎలిజబెత్ లైనులో వైట్‌చాపెల్ దాకా వచ్చి, అక్కడ డిస్ట్రిక్ట్ గానీ హ్యామర్‌స్మిత్ అండ్ సిటీ గానీ పట్టుకోవాలి. ఇల్ఫర్డ్ వెళ్లేవాళ్లు షెన్‌ఫీల్డ్ వైపు పోయే రైలు ఎక్కాలి. అబ్బీ వుడ్ రైలు ఎక్కేస్తే వైట్‌చాపెల్‌లో దిగి అదే ప్లాట్‌ఫాం మీద తర్వాతి షెన్‌ఫీల్డ్ రైలు కోసం ఆగండి. హౌన్స్‌లో అనే పేటకు అయితే పికడిల్లీ నేరుగా వెళ్తుంది. 111 నంబరు బస్సూ ఉంది, దానికి 1.75 పౌండ్లే.

ఇక గేటు దగ్గర రీడరుకు ఆనించే (ట్యాప్ చేసే) కార్డు. డబ్బు నింపుకుని వాడే టీఎఫ్ఎల్ సొంత కార్డు ఆయిస్టర్ 2003లో వచ్చింది. బ్యాంకు కాంటాక్ట్‌లెస్ కార్డును 2012 డిసెంబరు నుంచి బస్సుల్లో, 2014 సెప్టెంబరు నుంచి ట్యూబ్‌లో తీసుకుంటున్నారు. పెద్దవాళ్ల మామూలు ఛార్జీ రెండింటికీ ఒకటే. ఆయిస్టర్ కొనడానికి 2025 సెప్టెంబరు నుంచి 10 పౌండ్లు, అది తిరిగి రాదు. ఈ ఊళ్లో బ్యాంకు ఖాతా తెరిచి కార్డు చేతికొచ్చాక, రాయితీ ఏదీ లేని పెద్దవాళ్లు ఆయిస్టర్ కొనడం అనవసరం.

చిక్కంతా ఖాతా తెరిచేలోపు వచ్చే రెండు మూడు వారాల్లోనే. మన బ్యాంకు ఇచ్చిన వీసా, మాస్టర్‌కార్డు కాంటాక్ట్‌లెస్ కార్డులు గేటు దగ్గర సాధారణంగా పనిచేస్తాయి. కానీ రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 అక్టోబరు నుంచి జారీ అయిన కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆపేసే ఉంటాయి. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో ఆ రెండు స్విచ్‌లనూ విడివిడిగా ఆన్ చేసుకోవాలి. ఒకటి చేసి రెండోది మర్చిపోవడం మామూలే. పైగా విదేశీ మారకం మీద బ్యాంకు మార్కప్, దాని మీద జీఎస్టీ పడతాయి. పౌండ్లు నింపుకున్న ఫారెక్స్ కార్డుకు ఆ మార్కప్ ఉండదు. అయితే ప్రీపెయిడ్ కార్డులన్నిటినీ రీడరు ఒప్పుకోదు. అందుకని మన కార్డు ఒకసారి తిరస్కరణకు గురైతే పట్టుబట్టకుండా ఆయిస్టర్ కొనుక్కోవడమే మేలు. బ్యాంకు డబ్బు ఇవ్వకపోతే టీఎఫ్ఎల్ ఆ కార్డును అడ్డుకుంటుంది. బాకీ తీర్చేదాకా అది ఏ గేటూ తెరవదు. టీఎఫ్ఎల్ సైటులో ఖాతా తెరిచి, కార్డు చేర్చి, బాకీ అక్కడే కట్టేయొచ్చు.

మాస్టర్స్ చదవడానికి వచ్చిన విద్యార్థుల లెక్క వేరు. వాళ్లు ఆయిస్టర్ తప్పకుండా కొనాలి, ఎందుకంటే రైల్‌కార్డు (రైలు ఛార్జీలు తగ్గించే కార్డు) రాయితీ ఆయిస్టర్‌లోనే ఎక్కుతుంది, బ్యాంకు కార్డులో ఎక్కదు. 16-25 రైల్‌కార్డు ఏడాదికి 35 పౌండ్లు. పేరులో 25 ఉందని పాతికేళ్లు దాటినవాళ్లు దాన్ని వదిలేస్తుంటారు. పూర్తికాలం చదువుతున్నవాళ్లు ఏ వయసువారైనా తీసుకోవచ్చు, యూనివర్సిటీ ధ్రువీకరణ ఉంటే చాలు. అది కొన్నాక ట్యూబ్ స్టేషన్‌లో నీలం యూనిఫాం సిబ్బందిని అడిగితే టికెట్ మెషీన్ దగ్గర రెండు నిమిషాల్లో ఆయిస్టర్‌కు జోడిస్తారు. అప్పటినుంచి ఆఫ్‌పీక్ (రద్దీ లేని వేళల) రైలు ఛార్జీలో, ఆఫ్‌పీక్ రోజు క్యాప్‌లో మూడోవంతు తగ్గుతుంది. బస్సులో తగ్గదు. ఏడాది తర్వాత రైల్‌కార్డు కొత్తది చేయించుకుంటే, మళ్లీ సిబ్బంది దగ్గరకు వెళ్లి ఆయిస్టర్‌లోనూ మార్పించుకోవాలి. ఇది దానంతటది జరగదు. దంపతులు కొనే టూ టుగెదర్ రైల్‌కార్డు మాత్రం ఆయిస్టర్‌కు ఎక్కదు. 18 ప్లస్ స్టూడెంట్ ఆయిస్టర్ అని ఇంకోటి ఉంది. దానితో వారం, నెల ట్రావెల్‌కార్డుల (ముందే డబ్బు కట్టి కొనే పాసుల) మీదా బస్సు పాసు మీదా 30 శాతం తగ్గుతుంది. రోజువారీ ట్యాప్ ఛార్జీ తగ్గదు. వారానికి రెండు రోజులు క్లాసులకు వెళ్లేవాళ్లకు అది గిట్టుబాటు కాదు, రైల్‌కార్డు చాలు.

విద్యార్థులు తెలుసుకోవాల్సిన హద్దు ఒకటుంది. ఎలిజబెత్ లైను మీద పడమటికి పోతే వెస్ట్ డ్రేటన్ వరకే ఆయిస్టర్ చెల్లుతుంది. ఆ తర్వాత వచ్చే స్లౌ, మేడెన్‌హెడ్, రెడింగ్‌లకు బ్యాంకు కార్డు గానీ మామూలు టికెట్ గానీ కావాలి. స్లౌలో చుట్టాలింటికి ఆయిస్టర్ ట్యాప్ చేసి బయల్దేరితే అక్కడ గేటు తెరుచుకోదు, పైగా సరైన టికెట్ లేని ప్రయాణం కింద లెక్క. లూటన్ ఎయిర్‌పోర్ట్ పార్క్‌వే స్టేషన్‌దీ ఇదే సంగతి. గాట్విక్‌లో మాత్రం రెండు కార్డులూ చెల్లుతాయి.

ట్యాప్ చేయడంలో డబ్బు ఎక్కడ పోతుందంటే, మొదటిది ఒకే కార్డుకు కట్టుబడకపోవడం. పొద్దున ప్లాస్టిక్ కార్డు, సాయంత్రం ఫోను, మధ్యలో చేతిగడియారం వాడితే, మూడూ ఒకే బ్యాంకు ఖాతావైనా రీడరు వాటిని ముగ్గురు మనుషులుగా చూస్తుంది. ఫోనులోని కార్డు నంబరు ప్లాస్టిక్ కార్డు నంబరుకు భిన్నంగా ఉంటుంది, అదీ కారణం. ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి వాడితే రెండు అసంపూర్ణ ప్రయాణాలు నమోదై రెండింటికీ గరిష్ఠ ఛార్జీ పడుతుంది. రెండోది, భార్యాభర్తలు ఒకే కార్డుతో వెనకా ముందూ వెళ్దామనుకోవడం. మనిషికో కార్డు ఉండాల్సిందే. మూడోది, పర్సు మొత్తాన్ని రీడరుకు ఆనించడం. అందులో రెండు కాంటాక్ట్‌లెస్ కార్డులుంటే మీరు అనుకోని కార్డు ట్యాప్ అవుతుంది.

నాలుగోది డీఎల్ఆర్. డాక్‌ల్యాండ్స్ రైలు స్టేషన్లలో చాలావాటికి గేట్లే ఉండవు, స్తంభానికి బిగించిన రీడరు మాత్రమే ఉంటుంది. గేటు ఆపకపోవడంతో జనం ట్యాప్ చేయకుండా బయటకు నడిచేస్తారు. దిగేటప్పుడు ట్యాప్ చేయకపోతే గరిష్ఠ ఛార్జీ. ఎక్కేటప్పుడు చేయకుండా తనిఖీలో దొరికితే 100 పౌండ్ల పెనాల్టీ, 21 రోజుల్లో కడితే 50. కట్టకుండా వదిలేస్తే, లేదా ఇంకొకరి రాయితీ కార్డుతో పట్టుబడితే కోర్టుకు వెళ్లే అవకాశం ఉంది. ముందుముందు వీసా దరఖాస్తుల్లో నేరశిక్షల గురించి అడుగుతారు కాబట్టి ఈ ఒక్క విషయంలో అలసత్వం వద్దు. స్నేహితుడి స్టూడెంట్ ఆయిస్టర్ ఒక్కరోజుకు అడిగి తీసుకోవడం కూడా ఇందులోకే వస్తుంది.

అసంపూర్ణ ప్రయాణం పడినా కంగారుపడక్కర్లేదు. టీఎఫ్ఎల్ ఖాతాలో మీ కార్డు నమోదై ఉంటే, ప్రయాణాల జాబితాలో అది విడిగా కనిపిస్తుంది. ఎక్కడ దిగారో చెబితే తేడా డబ్బు తిరిగి ఇస్తారు. ట్యూబ్, డీఎల్ఆర్ వాళ్ల లోపం వల్ల 15 నిమిషాలో అంతకన్నా ఎక్కువో ఆలస్యమైతే 28 రోజుల్లోపు రీఫండ్ అడగొచ్చు. ఈ భాగం నిజంగా బాగుంటుంది, ఫారం చిన్నది. అందుకే దిగిన మొదటి వారంలోనే కార్డు నమోదు చేయమని చెప్పడం. నమోదు కాని ఆయిస్టర్ పోతే అందులో ఉన్న డబ్బూ పోయినట్టే.

గులాబీ రంగు రీడర్ల గురించి స్టేషన్‌లో ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. హైబరీ అండ్ ఇస్లింగ్టన్, గాస్పెల్ ఓక్, విల్లెస్డెన్ జంక్షన్, కెనడా వాటర్ లాంటి రైలు మారే చోట్ల ప్లాట్‌ఫాం మీద ఉంటాయి. ఎక్కిన స్టేషన్, దిగిన స్టేషన్ మాత్రమే తెలిసినప్పుడు, మధ్యలో మీరు ఊరి నడిబొడ్డు మీదుగానే వచ్చారని కంప్యూటరు అనుకుని జోన్ 1 ఛార్జీ వేయొచ్చు. ఓవర్‌గ్రౌండ్ అనే రైళ్ల మీద ఊరి చుట్టూ తిరిగి వస్తే, మారే చోట గులాబీ రీడరుకు ట్యాప్ చేయాలి. అది కొత్త ప్రయాణం మొదలుపెట్టదు, మీరు వచ్చిన దారిని రాసిపెడుతుంది. తూర్పు లండన్ నుంచి వెంబ్లీ వైపు తరచూ వెళ్లేవాళ్లకు తేడా బాగా కనిపిస్తుంది. ఓవర్‌గ్రౌండ్ లైన్లకు 2024 నవంబరులో మిల్డ్‌మే, సఫ్రజెట్, విండ్‌రష్, వీవర్, లయనెస్, లిబర్టీ అని విడివిడి పేర్లు, రంగులు ఇవ్వడం వల్ల ఈ చుట్టుదారి వెతకడం ఇదివరకటి కన్నా సులువైంది. అన్నీ ఒకే నారింజరంగు గీతగా ఉన్న రోజుల్లో అది కొత్తవాళ్లకు కొరుకుడుపడేది కాదు.

క్యాప్ అంటే ఒక రోజులో మీ దగ్గర తీసుకునే గరిష్ఠ మొత్తం. జోన్లు 1-2లో 8.90 పౌండ్లు, 1-4లో 12.80, 1-6లో 16.30. బస్సులు మాత్రమే ఎక్కితే 5.25. సోమవారం నుంచి ఆదివారం వరకు వారం క్యాప్ వేరే ఉంది: జోన్లు 1-2కు 44.70, 1-3కు 52.50, 1-4కు 64.20. ఇల్లు వెతికేటప్పుడు ఈ అంకెలు పక్కన పెట్టుకోండి. ఈస్ట్ హామ్ స్టేషన్ జోన్ 3కూ 4కూ సరిహద్దు మీద ఉంది. సరిహద్దు స్టేషన్‌ను మీకు లాభమైన జోన్‌లో లెక్కిస్తారు కాబట్టి ఊళ్లోకి వెళ్లేటప్పుడు అది జోన్ 3. ఒక్క స్టేషన్ అవతల ఉన్న బార్కింగ్ జోన్ 4. వారం క్యాప్ దాకా వెళ్లే మనిషికి తేడా వారానికి 11.70 పౌండ్లు. ఇద్దరు ఉద్యోగులున్న ఇంట్లో ఇది అద్దెలో తగ్గిన మొత్తాన్ని మింగేయగలదు.

అలాగని ముందే వారం ట్రావెల్‌కార్డు కొనకండి. వారం మొత్తం ఒక్కసారి కూడా క్యాప్ తగలనివాళ్లే ఎక్కువ. ఈస్ట్ హామ్ నుంచి సిటీకి (నడిబొడ్డున ఉన్న బ్యాంకుల, ఆఫీసుల పేటకు) ఐదు రోజులు పీక్‌లో వెళ్లొచ్చినా 40 పౌండ్ల లోపే అవుతుంది. వారాంతంలో కూడా తిరిగితేనే 52.50 తగులుతుంది, తగిలితే ట్యాప్ కార్డే అక్కడ ఆగిపోతుంది. ఇంటి నుంచి పనిచేసే రోజులు రెండున్నా ట్రావెల్‌కార్డు నష్టమే. పీక్ అంటే సోమవారం నుంచి శుక్రవారం వరకు పొద్దున 6.30 నుంచి 9.30, సాయంత్రం 4 నుంచి 7. జోన్ 1 బయటి నుంచి సాయంత్రం వేళ ఊళ్లోకి వెళ్లే ప్రయాణానికి పీక్ ధర వేయరు. ఆ వెసులుబాటు చాలామందికి తెలియక ఏడింటి దాకా కాలక్షేపం చేస్తుంటారు.

ఇప్పుడు అసలు ఊరు చూడటం. బస్సుకు మొదటి స్థానం ఇవ్వడానికి కారణం హాపర్ ఛార్జీ. 1.75 పౌండ్లతో మొదటి ట్యాప్ నుంచి గంటసేపట్లో ఎన్ని బస్సులైనా, ట్రామ్‌లైనా ఎక్కొచ్చు. గంట ముగిసేలోపు చివరి బస్సు ఎక్కితే చాలు, దిగడం ఎప్పుడైనా సరే. 2016లో ఒక్క మార్పుతో మొదలైన ఈ సౌకర్యం 2018 జనవరి నుంచి ఎన్ని మార్పులకైనా వర్తిస్తోంది. కొత్త పేటలో ఒక స్టాపులో దిగి, కూరగాయల కొట్టు చూసి, జీపీ సర్జరీ (పేట డాక్టరు క్లినిక్) ఎక్కడుందో కనుక్కుని, పది నిమిషాల తర్వాత వచ్చే బస్సు ఎక్కితే అదనంగా ఏమీ పడదు. అద్దె ఇల్లు ఖాయం చేసే ముందు ఆ చుట్టుపక్కలను ఇలా రెండు గంటలు తిరిగితే, ఏజెంటు చూపించే ఫొటోల్లో కనిపించనిది కనిపిస్తుంది.

బస్సులో నగదు 2014 జులై నుంచి తీసుకోవడం లేదు. ముందు తలుపు దగ్గర ఒకసారి ట్యాప్ చేస్తే సరి, దిగేటప్పుడు అక్కర్లేదు. స్టాపులో చెయ్యి ఎత్తాలి. అది అవసరం లేదని బోర్డులున్నా ఎత్తడమే మంచిది, నాలుగు నంబర్లు ఆగే స్టాపులో మీరు దేనికోసం నిలబడ్డారో డ్రైవరుకు తెలియదు. దిగడానికి ఎర్ర బటన్ ముందే నొక్కాలి. స్టాపు స్తంభం పైన అక్షరం ఉంటుంది: ఏ, బీ, సీ, ఒక్కోసారి రెండక్షరాలు. ఒకే కూడలిలో పది స్టాపులుంటాయి కాబట్టి యాప్ చెప్పిన అక్షరం చూసుకోకపోతే ఎదురు దిక్కు బస్సు ఎక్కుతారు. ఆయిస్టర్‌లో 1.75 లేకపోయినా, ఎంతోకొంత మిగిలి ఉంటే ఒక్క బస్సు ప్రయాణానికి అనుమతిస్తుంది, తర్వాత నింపుకోవాలి. అర్ధరాత్రి ఇంటికి చేరడానికి ఇది పెద్ద ఆసరా.

చూడటానికి పనికొచ్చే రూట్లు కొన్ని. 24 నంబరు హ్యాంప్‌స్టెడ్ హీత్ నుంచి కామ్‌డెన్, ట్రఫాల్గర్ స్క్వేర్, పార్లమెంటు మీదుగా పిమ్లికో పోతుంది. 139 గోల్డర్స్ గ్రీన్ నుంచి బేకర్ స్ట్రీట్, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ మీదుగా వాటర్‌లూ చేరుతుంది. 15 ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి సెయింట్ పాల్స్, టవర్ ఆఫ్ లండన్ దాటుకుని తూర్పుకు వెళ్తుంది. మేడమీద ముందు వరుస సీటు దొరికితే, టూరిస్టు బస్సులు అనేక రెట్లు తీసుకుని చూపించే వీధులే 1.75కు కనిపిస్తాయి. తూర్పున ఉండేవాళ్లకు 25 నంబరు తప్పనిసరి పాఠం. ఇల్ఫర్డ్, మేనర్ పార్క్, ఫారెస్ట్ గేట్, స్ట్రాట్‌ఫర్డ్, బో, వైట్‌చాపెల్, బ్యాంక్ మీదుగా సిటీకి వెళ్తుంది. ట్యూబ్ కన్నా చాలా నెమ్మది, ఆఫీసుకు వద్దు, ఒక ఆదివారం పొద్దున మాత్రం ఎక్కి తీరాలి. పేటకూ పేటకూ మనుషులు, అంగళ్లు, గుళ్లు, మసీదులు ఎలా మారతాయో ఒక్క ప్రయాణంలో తెలుస్తుంది.

2023లో మొదలైన సూపర్‌లూప్ బస్సులు ఊరి అంచుల్లో ఉండేవాళ్లకు వరం. తక్కువ స్టాపులు, అదే 1.75 ఛార్జీ, అదే హాపర్. ఎస్ఎల్9 హ్యారో నుంచి హీత్రూకు, ఎస్ఎల్7 క్రాయ్‌డన్ నుంచి హీత్రూకు, ఎస్ఎల్2 వాల్తమ్‌స్టో నుంచి ఇల్ఫర్డ్, బార్కింగ్ మీదుగా నార్త్ వూలిచ్‌కు వెళ్తాయి. రైళ్లన్నీ చక్రం ఆకుల్లా నడిబొడ్డుకే పోయే ఊళ్లో, అంచు నుంచి అంచుకు వెళ్లాలంటే ఇదివరకు లోపలికి వెళ్లి బయటకు రావాల్సి వచ్చేది.

తెలుగువాళ్లు ట్యాప్ కార్డు చేతికి రాగానే వెళ్లాల్సిన చోటు ఒకటి చెప్పాలంటే అది బ్రిటిష్ మ్యూజియంలోని 33ఏ గది. అమరావతి స్తూపం నుంచి వచ్చిన శిల్పఫలకాలు, కృష్ణ ఒడ్డున పాలరాయిలాంటి సున్నపురాయిలో చెక్కినవి, అక్కడున్నాయి. కొలనుల్లోని తామరలు, పూర్ణకుంభాలు, స్తూపాన్ని చుట్టుకున్న నాగులు, గుర్రం మీద ఇల్లు విడిచే సిద్ధార్థుడు. మన నేల నుంచి ఇంత దూరం వచ్చిన ఆ రాళ్ల ముందు నిలబడటానికి ప్రవేశ రుసుము లేదు. మ్యూజియం రోజూ 10 నుంచి 5 వరకు, శుక్రవారం రాత్రి 8.30 వరకు ఉంటుంది. ఈ ఒక్క గది వేళలు వేరుగా ఉండొచ్చు, బయల్దేరే ముందు వాళ్ల సైటులో చూసుకోండి. ఇల్ఫర్డ్ నుంచి ఎలిజబెత్ లైనులో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డుకు మారకుండా వెళ్లొచ్చు. హౌన్స్‌లో నుంచి పికడిల్లీలో హోబర్న్ గానీ రసెల్ స్క్వేర్ గానీ దిగాలి. ఆదివారం మధ్యాహ్నం గుంపు ఎక్కువ, శుక్రవారం సాయంత్రం నిమ్మళంగా ఉంటుంది.

పిల్లలతో అయితే డీఎల్ఆర్ ముందు సీటు. రైలు బండికి డ్రైవరు క్యాబిన్ ఉండదు, ముందు అద్దం దగ్గర కూర్చుంటే పట్టాలు మీ కాళ్ల కిందికే వస్తున్నట్టుంటుంది. బ్యాంక్ అనే స్టేషన్‌లో ఎక్కి ఐలండ్ గార్డెన్స్‌లో దిగి, అక్కడి నుంచి థేమ్స్ అడుగున 1902లో తెరిచిన గ్రీనిచ్ సొరంగంలో 370 మీటర్లు నడిచి అవతలి ఒడ్డుకు చేరండి. పైసా ఖర్చు లేదు. వూలిచ్ దగ్గర 1889 నుంచి నడుస్తున్న పడవ కూడా ఉచితమే. థేమ్స్ క్లిప్పర్స్ పడవలు, కేబుల్ కారు మాత్రం క్యాప్‌లో కలవవు, అదే కార్డుతో ట్యాప్ చేసినా డబ్బు విడిగా పోతుంది. నెలకొకసారి సరదాకు సరే.

పదకొండేళ్ల లోపు పిల్లలు బస్సుల్లో ఉచితం. ట్యూబ్, డీఎల్ఆర్, ఓవర్‌గ్రౌండ్, ఎలిజబెత్ లైనుల్లో ఒక పెద్దమనిషి వెంట నలుగురి వరకు ఉచితం. పెద్ద గేటు దగ్గర నిలబడితే సిబ్బంది లోపలికి పంపుతారు. పదకొండు నిండితే పిల్లల రాయితీ కార్డు అయిన జిప్ ఆయిస్టర్ ఫొటోకార్డుకు ఇంటి నుంచే దరఖాస్తు చేయాలి. అది వచ్చేలోపు, పదకొండు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు మామూలు ఆయిస్టర్ మీద యంగ్ విజిటర్ రాయితీ పెట్టమని స్టేషన్‌లో అడగండి, 14 రోజులు సగం ఛార్జీ. ఊరినుంచి చూడటానికి వచ్చే అమ్మానాన్నలకు అరవై దాటినా ఉచిత ప్రయాణపు 60 ప్లస్ కార్డు రాదు, లండన్‌లో స్థిర నివాసం ఉన్నవాళ్లకే అది. వాళ్లను ట్యూబ్ ఎస్కలేటర్ల మీద ఎక్కించి దించే బదులు బస్సులో కింది అంతస్తులో కూర్చోబెట్టండి. గర్భిణులకు టీఎఫ్ఎల్ ఉచితంగా పంపే బేబీ ఆన్ బోర్డ్ బిళ్ల ఒకటుంది, ఆన్‌లైన్‌లో తెప్పించుకుని కోటుకు పెట్టుకుంటే అడగకుండానే సీటు ఇస్తారు.

లోటుపాట్లు కూడా ఉన్నాయి. వేసవిలో సెంట్రల్, బేకర్‌లూ లైన్ల లోతు సొరంగాల్లో ఉక్క భరించలేం, ఆ రైళ్లకు ఏసీ లేదు. ఎలిజబెత్, డిస్ట్రిక్ట్ లైన్లలో ఉంది. వారాంతాల్లో మరమ్మతుల పేరిట ఏదో ఒక లైను మూతపడుతూనే ఉంటుంది. శుక్రవారం రాత్రే టీఎఫ్ఎల్ గో యాప్‌లో చూసుకోకుండా శనివారం పెళ్లికో గృహప్రవేశానికో బయల్దేరితే బదులు బస్సులో గంట పోతుంది. రాత్రంతా నడిచే ట్యూబ్ శుక్ర, శనివారాల్లో ఐదు లైన్లకే: విక్టోరియా, జూబిలీ, సెంట్రల్, నార్తర్న్, పికడిల్లీ. డిస్ట్రిక్ట్ లైను లేదు కాబట్టి ఈస్ట్ హామ్ వాళ్లకు రాత్రి ఒంటిగంట దాటితే ఎన్15 బస్సే దిక్కు. అన్నిటికన్నా పెద్ద లోపం ఛార్జీల సమాచారం చెల్లాచెదురుగా ఉండటం. గులాబీ రీడరు, జోన్ సరిహద్దు, ఆయిస్టర్ ఆగిపోయే స్టేషన్, ఇవన్నీ ఒకే పేజీలో కొత్తవాడికి అర్థమయ్యేలా స్టేషన్ గోడ మీద ఉండాల్సినవి.

వీధుల్లో పసుపు తల ఉన్న నల్ల స్తంభాల మీద లెజిబుల్ లండన్ పటాలుంటాయి. వాటిలో ఉత్తరం పైన ఉండదు, మీరు చూస్తున్న దిక్కే పైన ఉంటుంది. ఐదు నిమిషాల నడక దూరం వృత్తంగా గీసి ఉంటుంది. ఫోను ఛార్జింగ్ అయిపోయిన సాయంత్రం ఇవి ఇంటికి చేరుస్తాయి.

డిసెంబరులో రావాలనుకునేవాళ్లకు ఒక మాట. 25వ తేదీన ట్యూబ్, ఎలిజబెత్ లైను, డీఎల్ఆర్, ఎర్ర బస్సు ఏదీ నడవదు. ముందురోజు సాయంత్రమే సర్వీసులు పెందరాళే ఆగిపోతాయి. ఆ తేదీకి విమాన టికెట్ చౌకగా కనిపిస్తే, హీత్రూ నుంచి ఇంటికి క్యాబ్ ఛార్జీ అందులో కలిపి చూసుకుని కొనండి.